మీకు తెలుసా? నడిబజారులో గుర్రపు పోలీసు

అమెరికాలో చాలా నగరాల డౌన్‌టౌన్లకు ఒకటే జబ్బు. పగలంతా ఆఫీసుల వాళ్లతో కిటకిటలాడతాయి, సాయంత్రం ఆరు కొట్టేసరికి షట్టర్లు దించేసుకుంటాయి. ఆ తర్వాత కాలిబాట మీద మిగిలేది వెళ్లడానికి ఇల్లు లేనివాళ్లు, మత్తుమందు చేతులు మార్చేవాళ్లు, గబగబా కారు దగ్గరికి నడిచే ఒకరిద్దరు ఉద్యోగులు. జనం రారని దుకాణాలు మూస్తారు, దుకాణాలు మూశారని జనం రారు. కరోనా తర్వాత ఇంటి నుంచే పని చేయడం అలవాటయ్యాక ఈ జబ్బు ఇంకా ముదిరింది. దీనికి నగరపాలకులు చేసే వైద్యాల్లో ఒకటి మాత్రం వింతగా ఉంటుంది: పోలీసును కారులోంచి దింపి గుర్రం ఎక్కించడం. కెమెరాలు, డ్రోన్లు ఉన్న ఈ కాలంలో ఇదేం చాదస్తం అనిపిస్తుంది కదా! పూర్తిగా చాదస్తం కాదు, అలాగని పూర్తిగా మందూ కాదు.

చూపు లేని మేజిస్ట్రేటు, ఎర్ర వెయిస్ట్‌కోటు రౌతులు

గుర్రపు పోలీసుకు మూలపురుషుడు అనదగ్గవాడికి కంటిచూపే లేదని మీకు తెలుసా? ఆయన లండన్ బో స్ట్రీట్ మేజిస్ట్రేటు సర్ జాన్ ఫీల్డింగ్. గొంతు విని దొంగను గుర్తుపట్టేవాడనీ, అలా మూడు వేల మంది దొంగల గొంతులు ఆయనకు తెలుసుననీ అప్పటి జనం చెప్పుకునేవారు. ఆ రోజుల్లో లండన్ శివార్లలో గుర్రాల మీద వచ్చి బండ్లు ఆపి దోచుకునే ముఠాల పీడ ఎక్కువ. దొంగ గుర్రం మీద పారిపోతుంటే పోలీసు కాళ్లతో పరుగెత్తి ఏం లాభం? అందుకే 1763లో ఫీల్డింగ్ గుర్రాల గస్తీ పెట్టించాడు. దారులు కాస్త నెమ్మదించాయి. దొంగలు తగ్గారు గదా, ఇక ఈ ఖర్చు దేనికని సర్కారు ఏడాదిన్నరకే డబ్బు ఆపేసింది. గస్తీ పోయింది, దొంగలు తిరిగొచ్చారు.

మళ్లీ బుద్ధి తెచ్చుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. 1805లో గస్తీని తిరిగి నిలబెట్టారు. పైన నీలం కోటు, లోపల ఎర్ర వెయిస్ట్‌కోటు. రొమ్ము ఎర్రగా ఉండే పిట్ట పేరు మీద జనం వాళ్లను ‘రాబిన్ రెడ్‌బ్రెస్ట్‌లు’ అని పిలిచేవారు. 1836లో ఈ దళం లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో కలిసిపోయింది. డబ్బు ఆపేసిన ముచ్చట మాత్రం గుర్తుంచుకోండి. రెండున్నర శతాబ్దాలుగా ఊరు మారుతోంది తప్ప కథ మారడం లేదు.

పదో అడుగు ఎక్కడిది?

న్యూయార్క్‌లో గుర్రం మీది పోలీసును ముద్దుగా ‘టెన్ ఫుట్ కాప్’ అంటారు, అంటే పది అడుగుల పోలీసు. లెక్క వేసి చూద్దాం. గుర్రం ఎత్తును తల దాకా కొలవరు, మూపు దాకా కొలుస్తారు. కొలత పేరు ‘హ్యాండ్’, అంటే నాలుగు అంగుళాలు. పోలీసు గుర్రం సాధారణంగా 16 హ్యాండ్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే మూపు దగ్గరే ఐదడుగుల నాలుగంగుళాలు. దాని మీద జీను, జీను మీద నిటారుగా కూర్చున్న మనిషి, మనిషి నెత్తిన హెల్మెట్. అన్నీ కలిపినా తొమ్మిదడుగుల దగ్గర ఆగిపోతుంది. ఆ పదో అడుగు న్యూయార్క్ వాళ్ల గొప్ప.

అడుగు తగ్గినా ఉపయోగం తగ్గదు. ఆ ఎత్తు నుంచి కార్ల పైకప్పుల మీదుగా రోడ్డు అవతల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, పోలీసు కూడా అందరికీ కనిపిస్తాడు. పోలీసు కారు వెళ్లిపోయిన అరనిమిషానికి అది వచ్చిన గుర్తే ఉండదు. గుర్రం అలా కాదు, రెండు వీధుల అవతలి నుంచే డెక్కల చప్పుడుతో సహా తెలుస్తుంది. జేబులు కొట్టేవాడికీ తెలుస్తుంది, వాడికి భయపడి సంచీ గుండెలకు హత్తుకుని నడిచే ముసలావిడకూ తెలుస్తుంది.

న్యూయార్క్ పోలీసు గుర్రాల్లో చాలావాటికి విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసుల పేర్లు పెడతారు. వాటి శాలల్లో ఒకటి 2016 నుంచి మాన్‌హట్టన్‌లో మెర్సిడెస్ హౌస్ అనే ఖరీదైన అపార్ట్‌మెంట్ల భవనంలో ఉంది. మాన్‌హట్టన్ అద్దెలు విన్నవాళ్లకు ఆ గుర్రాల మీద అసూయ పుడితే తప్పుపట్టలేం.

ఆరు రెట్లు పలకరింపులు

ఇప్పుడు అసలు సంగతి. 2010ల దశకంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, రాండ్ యూరప్ సంస్థ కలిసి బ్రిటన్‌లో గుర్రపు పోలీసుల వల్ల ఒరిగేది ఏమిటో కొలిచాయి. పరిశోధకులు గస్తీ పోలీసుల వెంటే తిరిగి, ఎంతమంది తమంతట తాము ఆగి పోలీసుతో మాట్లాడారో లెక్కపెట్టారు. కాలినడకన తిరిగే పోలీసులతో పోలిస్తే, అంతే సమయంలో గుర్రం మీది పోలీసులను పలకరించినవాళ్లు ఆరు రెట్లకు పైగా ఎక్కువ! గుర్రాల గస్తీ తిరిగిన పేటల్లో పోలీసుల మీద నమ్మకం కూడా కాస్త మెరుగ్గా కనిపించింది.

ఎందుకిలా? మామూలుగా పోలీసు ఎదురైతే మనం ఏం చేస్తాం? చూపు తిప్పుకుని పక్కనుంచి తప్పుకుంటాం. ఏ దేశంలోనైనా ఇంతే. గుర్రం ఉంటే పిల్లాడు ముందు పరుగెత్తుతాడు, వాడి వెనక తల్లి వస్తుంది. దీని పేరేంటండీ, కరుస్తుందా, ఏం తింటుంది? నాలుగో ప్రశ్న దగ్గర అసలు మాట బయటపడుతుంది. మా సందు చివర దీపం పగిలి నెలైంది, చీకట్లో ఎవరో కూర్చుంటున్నారు, కాస్త చూడండి అంటుంది ఆవిడ. ఈ మాట చెప్పడానికే ఆవిడ స్టేషన్ మెట్లు ఎక్కేదా? ఎక్కదు. ఫోన్ చేసేదా? బహుశా చేయదు. భయం పట్టుకున్న బజారుకు గుర్రం చేసే పెద్ద మేలు ఇదే. మనిషికీ యూనిఫాంకూ మధ్య మాట కలపడానికి ఒక సాకు దొరుకుతుంది.

ఒక్క హెచ్చరిక: ఆ అధ్యయనం కొలిచింది పలకరింపులనూ నమ్మకాన్నీ. దొంగతనాలు ఆరో వంతుకు పడిపోయాయని ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మకండి.

పోలీసు కారెక్కాక ఏమైంది?

పోలీసు జనానికి దూరమైంది కారు ఎక్కిన రోజునే అని ఒక వాదన ఉంది. దాన్ని పరీక్షించిన ప్రయోగాలు గుర్రాల కథకన్నా ఆసక్తికరంగా ఉంటాయి.

1972-73లో మిసోరీ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో 15 గస్తీ ప్రాంతాలను ఐదేసి చొప్పున మూడు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టులో కార్ల గస్తీ పూర్తిగా ఆపేశారు, ఎవరైనా ఫోన్ చేస్తేనే పోలీసు వెళ్లాలి. రెండో జట్టులో గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. మూడోదాన్ని ఎప్పటిలాగే వదిలేశారు. ఏడాది తర్వాత చూస్తే నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, జనం భయంలోనూ తేడా లేదు. గస్తీ మారిందన్న సంగతే జనం పట్టించుకోలేదు. ఊరికే తిరిగే పోలీసు కారు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని తేలింది.

తర్వాత నూవర్క్ వంతు వచ్చింది. న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న ఈ ఊరికి 1967 జూలై అల్లర్లలో 26 మంది చనిపోయాక కోలుకోవడం కష్టమైంది. అక్కడ 1978-79లో కాలినడక గస్తీని పరీక్షించారు. నేరాల లెక్క తగ్గలేదు. కానీ ఆ పేటల జనం మాత్రం మా దగ్గర ఇప్పుడు నయంగా ఉందని చెప్పారు, వాళ్ల భయం తగ్గింది. దీన్నే ఆధారం చేసుకుని జేమ్స్ క్యూ విల్సన్, జార్జ్ కెల్లింగ్ 1982లో అట్లాంటిక్ పత్రికలో రాసిన వ్యాసం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. పగిలిన కిటికీని బాగుచేయకుండా వదిలేస్తే మిగతావీ పగులుతాయన్న ‘బ్రోకెన్ విండోస్’ వాదం అదే. ఆ వాదం పేరు చెప్పుకుని తర్వాత న్యూయార్క్ లాంటి చోట్ల చిన్నచిన్న తప్పులకే పేదలను, నల్లజాతి యువకులను వెంటాడారన్న విమర్శ ఉంది, అది అన్యాయమైన విమర్శేమీ కాదు.

మూడోది ఫిలడెల్ఫియా. 2009 వేసవిలో నేరాలు ఎక్కువగా జరిగే 60 చిన్న చిన్న మూలలను ఎంచుకుని, కొత్తగా ఉద్యోగంలో చేరిన పోలీసులను కాలినడకన తిప్పారు. అలాంటి మరో 60 మూలలను పోలికకోసం మామూలుగా వదిలేశారు. పన్నెండు వారాల్లో గస్తీ ఉన్న చోట్ల హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. గస్తీ ఎత్తేశాక ఆ ఫలితమూ క్రమంగా కరిగిపోయింది. గస్తీ ఊరంతా పలచగా తిరిగితే లాభం లేదు, సరైన మూల చూసుకుని పాతుకుపోవాలి. గుర్రాన్ని ఎక్కడ తిప్పాలన్నదానికీ ఇదే సమాధానం. ఏ పార్కులోనో ఫొటోలకు నిలబెట్టిన గుర్రం వల్ల నాలుగు వీధుల అవతల మూతపడుతున్న దుకాణానికి ఒరిగేదేమీ ఉండదు.

దాణా దగ్గర తిరకాసు

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. 500, 600 కిలోల గుర్రం రోజుకు తన బరువులో రెండు శాతం దాకా మేస్తుంది, అంటే పది పన్నెండు కిలోలు. పాతిక ముప్పై లీటర్ల నీళ్లు తాగుతుంది. దించే పేడ పదిహేను ఇరవై కిలోలు. శాల కావాలి, శుభ్రం చేసే మనిషి కావాలి, డెక్కలు చెక్కేవాడు కావాలి, పశువైద్యుడు కావాలి. కారును సాయంత్రం తాళం వేసి వెళ్లిపోవచ్చు, గుర్రానికి ఆదివారం కూడా ఆకలేస్తుంది.

అందుకే నగరం ఖజానా వట్టిపోతే మొదట కోతపడేది గుర్రాలకే. 1873 నాటి బోస్టన్ అశ్విక విభాగాన్ని 2009లో మూసేశారు. ఫిలడెల్ఫియా 2004లో మూసింది. ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ 2017లో మూసింది. అక్కడి డౌన్‌టౌన్ ఆ తర్వాతి ఏళ్లలో ఎన్ని తిప్పలు పడిందో అమెరికాలో ఉన్న మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయితే ఆ తిప్పలకు కారణం గుర్రాలు లేకపోవడమే అంటే మాత్రం అతి అవుతుంది.

పైన చెప్పిన నూవర్క్‌లోనూ గుర్రాలుండేవి. 2010లో ఆ నగరం డబ్బుల్లేక ఒకేసారి 160 మందికి పైగా పోలీసులను ఇంటికి పంపింది. గుర్రాల విభాగమూ పోయింది. మరి గుర్రాలేమయ్యాయి? కొన్ని ఫిలడెల్ఫియా చేరాయి. ఫిలడెల్ఫియా 2011లో తన అశ్విక విభాగాన్ని తిరిగి తెరిచినప్పుడు పక్క రాష్ట్రం వదులుకున్న గుర్రాలతోనే పని మొదలుపెట్టింది. ఒక ఊరి పేదరికం ఇంకో ఊరికి గస్తీ అయింది.

ఫిలడెల్ఫియాకు ఒక వెసులుబాటు కూడా ఉంది. అక్కడి నడిబొడ్డు వ్యాపారులు, భవన యజమానులు 1991 నుంచి తమ మీద తాము అదనపు రుసుము వేసుకుని కాలిబాటలు ఊడిపించడం, దీపాలు పెట్టించడం, దారి చెప్పే మనుషులను నిలబెట్టడం చేస్తున్నారు. నన్నడిగితే వరస ఇలాగే ఉండాలి. ముందు చీపురు, తర్వాత దీపం, తర్వాత నడిచే పోలీసు, ఆ తర్వాతే గుర్రం. చీకటి సందులో చెత్త మధ్య గుర్రాన్ని నిలబెడితే గుర్రానికే దిగులు పుడుతుంది.

పోటీకి వచ్చిన సైకిల్

1987లో సియాటిల్ డౌన్‌టౌన్‌లో బస్సుల సొరంగం కోసం రోడ్లు తవ్వేశారు. పోలీసు కార్లు కదలలేకపోయాయి. ఇద్దరు పోలీసులు మౌంటెన్ బైకులు ఎక్కి గస్తీకి బయలుదేరారు. ఇప్పుడు అమెరికాలో ఎక్కడ చూసినా కనిపించే సైకిల్ పోలీసులకు అది నాంది. సైకిల్ దాణా తినదు, పేడ వేయదు. కాకపోతే సైకిల్‌ను నిమరడానికి ఏ పిల్లాడూ రాడు.

భయపడే జంతువుకు ధైర్యం ఎలా వచ్చింది?

గుర్రం పుట్టుకతో పిరికిది. ఏదైనా కొత్తగా కనిపిస్తే ముందు పరుగు, తర్వాతే ఆలోచన. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. సరిగ్గా నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం కనపడదు. ఇలాంటి జంతువును హారన్లు, గాలికి లేచే ప్లాస్టిక్ సంచులు, మ్యాన్‌హోల్ మూతల నడుమ తిప్పాలి.

లండన్ పోలీసు గుర్రాలకు శిక్షణ ఇచ్చేది ఇంబర్ కోర్ట్ అనే చోట. ఎక్కడైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. గొడుగులు టపటపా తెరుస్తారు, జెండాలు ముఖం ముందు ఊపుతారు, డప్పులు వాయిస్తారు, పొగ వదులుతారు, బంతులు విసురుతారు, నేల మీద పరచిన టార్పాలిన్ మీదుగా, పరుపుల మీదుగా నడిపిస్తారు. కొత్త గుర్రం పక్కన ఎప్పుడూ ఒక పాత గుర్రం ఉంటుంది. గుర్రం మంద జంతువు. పక్కనున్న పెద్ద గుర్రం చెవులు కదపకుండా నిలబడితే ఇదీ నిలబడుతుంది. వీధిలో గుర్రాలు జంటగా కనిపించడానికి ఇదొక కారణం.

అయినా పరుగు రక్తంలోంచి పోదు. 2024 ఏప్రిల్ 24న లండన్‌లో సైన్యం గుర్రాలు వ్యాయామానికి వెళ్తుండగా పక్కన కడుతున్న భవనంలో శిథిలాలు దబ్బున పడ్డాయి. గుర్రాలు బెదిరి, రౌతులను పడేసి నగరం నడిమధ్య నుంచి పరుగెత్తాయి. ఒకటి డబుల్ డెక్కర్ బస్సును గుద్దుకుంది. అవి ఊరేగింపుల మోతకు అలవాటుపడ్డ గుర్రాలే!

దీనికి ఎదురు నిలిచే కథ ఓల్గాది. రెండో ప్రపంచయుద్ధ కాలం, 1944 జూలై. లండన్ టూటింగ్‌లో గస్తీ తిరుగుతున్న పోలీసు గుర్రం ఓల్గాకు దగ్గర్లోనే ఎగిరే బాంబు పడింది. ఇళ్లు కూలాయి, పెద్ద అద్దం కిటికీ దాని ముందే భళ్లున పగిలి పడింది. ఓల్గా బెదిరి వంద గజాలు పరుగెత్తింది. రౌతు కళ్లెం బిగించి వెనక్కి తిప్పాడు. అది వచ్చింది. ఆ దుమ్ములో, ఆ అద్దం పెంకుల దగ్గరే నిలబడింది. రౌతు దాని మీద నుంచే వాహనాలను మళ్లించాడు, జనాన్ని అదుపు చేశాడు. 1947లో ఓల్గాకూ, అప్‌స్టార్ట్, రీగల్ అనే మరో రెండు లండన్ పోలీసు గుర్రాలకూ డికిన్ మెడల్ ఇచ్చారు. బ్రిటన్‌లో జంతువులకు ఇచ్చే పరమవీరచక్ర అది. నాకు ఓల్గా కథలో నచ్చేది ఆ వంద గజాల పరుగే. అసలు భయపడని గుర్రం తిరిగి రావడంలో గొప్పేముంది?

ధైర్యం అయ్యాక డెక్కల మాట. తెలుగువాళ్లు లెక్కకు మిక్కిలిగా ఉన్న హ్యూస్టన్ సంగతి ఒకటి. అక్కడి పోలీసు అశ్విక విభాగం 1984లో మొదలైంది. టెక్సాస్ ఎండకు కాలే తారు మీద, కాంక్రీటు మీద తిరిగే ఆ గుర్రాలకు లాడాలు ఉండవు. ఇనుప లాడం నున్నటి రోడ్డు మీద జారుతుంది, ఒట్టి డెక్క పట్టు చిక్కించుకుంటుంది, వాడేకొద్దీ గట్టిపడుతుంది అని అక్కడి వాళ్ల అనుభవం. మిగతా చాలా నగరాల్లో మాత్రం జారకుండా గట్టి లోహపు మొనలు అతికిన లాడాలే వాడతారు.

జన సముద్రంలో ఒక గుర్రం

1923 ఏప్రిల్ 28. లండన్ వెంబ్లీ స్టేడియం కొత్తగా తెరిచారు, ఎఫ్‌ఏ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. లెక్కల్లో ప్రేక్షకులు 1,26,047 మంది. నిజానికి గోడలు దూకి లోపలికి వచ్చినవాళ్లతో కలిపి రెండు లక్షలు దాటారని అంచనా. మైదానంలో గడ్డి కనిపించనంతగా మనుషులు. జార్జ్ స్కోరీ అనే కానిస్టేబుల్ బిల్లీ అనే గుర్రం మీద ఆ గుంపులోకి వెళ్లి, గోల్‌పోస్టు దగ్గర మొదలుపెట్టి, మెల్లమెల్లగా జనాన్ని గీత అవతలికి జరిపాడు. ఎవరినీ తొక్కలేదు. గుర్రం ముట్టెతో నెట్టింది, పక్కకు అడుగులేస్తూ జరిగింది. ఇంకా కొందరు అశ్విక పోలీసులు అక్కడ ఉన్నా, నలుపు తెలుపు ఫిల్ములో మెరిసింది బిల్లీ ఒక్కటే. ఆట నలభై ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, బోల్టన్ జట్టు 2-0తో గెలిచింది. చరిత్రలో మాత్రం అది ‘వైట్ హార్స్ ఫైనల్’గానే మిగిలింది. తమాషా ఏమిటంటే బిల్లీ తెల్ల గుర్రం కాదు, బూడిద రంగుది. స్టేడియం దగ్గరి వంతెనకు ఇప్పుడు వైట్ హార్స్ బ్రిడ్జి అనే పేరు.

న్యూ ఆర్లీన్స్‌లో ఏటా ఇంకో రకం. మార్డి గ్రా పండగ చివరి రోజు అర్ధరాత్రి కొట్టగానే బార్బన్ స్ట్రీట్‌లో గుర్రపు పోలీసులు వీధి వెడల్పునా వరసకట్టి బయలుదేరతారు. వాళ్ల వెనకే ఊడ్చే యంత్రాలు. పండగ అయిపోయిందని చెప్పడానికి అంతకన్నా సూటి పద్ధతి ఉండదు.

అదే గుర్రం, ఇంకో ముఖం

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ అశ్విక పోలీసు 1825లో ఏర్పడింది, ఆగకుండా నడుస్తున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతదని చెప్పుకుంటారు. అది పుట్టిన రోజుల్లో చేసిన పనుల్లో ఆదివాసుల ఊచకోతలూ ఉన్నాయి.

1984 జూన్ 18న ఇంగ్లండ్‌లోని ఆర్‌గ్రీవ్ దగ్గర సమ్మె చేస్తున్న గనికార్మికుల మీదికి గుర్రాలను దౌడు తీయించారు. 95 మంది కార్మికుల మీద కేసులు పెట్టారు, కోర్టులో అవి కుప్పకూలాయి. 1991లో 39 మందికి సౌత్ యార్క్‌షర్ పోలీసులు 4,25,000 పౌండ్లు పరిహారం చెల్లించారు. ఆ గాయం నలభై ఏళ్ల తర్వాత కూడా మానక, 2025లో బ్రిటన్ ప్రభుత్వం విచారణ ప్రకటించాల్సి వచ్చింది.

ఇక డౌన్‌టౌన్ గస్తీ ఎంత అసహ్యంగా మారగలదో చెప్పేది గాల్వెస్టన్ ఉదంతం. టెక్సాస్ తీరంలోని ఈ ఊళ్లో 2019 ఆగస్టులో, ఒకరి స్థలంలోకి వచ్చాడన్న చిన్న నేరానికి ఇద్దరు తెల్లజాతి అశ్విక పోలీసులు ఒక నల్లజాతి మనిషిని పట్టుకున్నారు. చేతులకు బేడీలు వేసి, ఆ బేడీలకు తాడు కట్టి, చెరో పక్కన గుర్రం మీద కూర్చుని నడివీధిలో నడిపించుకుపోయారు. ఫొటో దేశమంతా తిరిగింది. బానిసల కాలం గుర్తొచ్చిందని జనం మండిపడ్డారు. పోలీసు చీఫ్ క్షమాపణ చెప్పి ఆ పద్ధతిని ఆపించాడు. పేట జనంతో మాట కలపడానికి పెట్టిన గుర్రం ఒక్క మధ్యాహ్నంలో ఎంత నమ్మకాన్ని తొక్కేసిందో లెక్కకట్టే అధ్యయనం అక్కర్లేదు. రౌతుకు శిక్షణ లేకపోతే గుర్రం శిక్షణ ఎందుకూ పనికిరాదు.

మన వీధుల్లో

కలకత్తాలో అశ్విక పోలీసు 1840లో ఒక దఫేదారు, ఇద్దరు సవార్లతో మొదలైంది. మైదాన్‌లో, ఫుట్‌బాల్ మ్యాచుల టికెట్ల వరసల దగ్గర ఆ గుర్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చెన్నైలో మెరీనా బీచి, మైసూరులో దసరా ఊరేగింపు చూసినవాళ్లకు గుర్రపు పోలీసు కొత్త కాదు. ముంబయిలో మోటారు వాహనాలు పెరిగాయని 1932లో గుర్రాల విభాగాన్ని తీసేశారు. 88 ఏళ్ల తర్వాత, 2020 జనవరిలో ట్రాఫిక్, జనసమ్మర్దం పేరు చెప్పి మళ్లీ పెట్టారు. కార్లు వచ్చాయని పోయిన గుర్రం, కార్లు కదలడం లేదని తిరిగొచ్చింది!

హైదరాబాద్ సిటీ పోలీసుకూ గోషామహల్‌లో గుర్రాల విభాగం ఉంది. మొహర్రం నాడు బీబీ కా ఆలం ఊరేగింపులో, పాతబస్తీ బందోబస్తుల్లో వాటిని చూడొచ్చు. హైదరాబాద్ శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణకు వచ్చిన ప్రతి ఒక్కరూ గుర్రపు స్వారీ నేర్చుకోవాల్సిందే. తర్వాత ఉద్యోగ జీవితమంతా కార్లలోనే తిరిగేవాళ్లకు స్వారీ ఎందుకంటే, ధైర్యానికీ ఒడుపుకూ అంటారు. పడి లేచిన అనుభవం అధికారికి మంచిదే.

మన బజార్ల జబ్బు అమెరికా జబ్బు కాదు. అబిడ్స్, కోఠి, విజయవాడ వన్‌టౌన్‌లలో జనం లేకపోవడం అనే సమస్యే లేదు, నిలబడటానికి చోటు లేకపోవడమే సమస్య. అక్కడ గుర్రానికి గుంపును చూసే పని ఉంటుంది గానీ, గుంపును రప్పించే పని ఉండదు. అమెరికా మందు మోజంజాహి మార్కెట్‌కు రాయాలని చూడకూడదు.

గుర్రాన్ని కొడితే?

కెనడాలోని టొరంటోలో 2006లో బ్రిగేడియర్ అనే పోలీసు గుర్రాన్ని ఒక డ్రైవరు కారుతో గుద్ది పారిపోయాడు. కాలు విరిగిన గుర్రం బతకలేదు. పోలీసు జంతువుల మీద దాడిని ప్రత్యేక నేరంగా చూసే చట్టం కెనడాలో 2015లో వచ్చింది. ఎడ్మంటన్‌లో కత్తిపోటుకు చనిపోయిన పోలీసు కుక్క క్వాంటో పేరు దానికి పెట్టారు. ఇంగ్లండ్‌లో 2019లో వచ్చిన చట్టాన్ని ఫిన్ అనే కుక్క పేరుతో పిలుస్తారు. కుక్కల పేర్లున్నా రెండు చట్టాలూ గుర్రాలకూ వర్తిస్తాయి.

ఈసారి చార్మినార్ దగ్గరో, మెరీనాలోనో, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోనో పోలీసు గుర్రం ఎదురైతే నాలుగు జాగ్రత్తలు తీసుకోండి. వెనక నుంచి పోకండి, దానికి మీరు కనపడరు, కాలు విసిరితే ఆసుపత్రే గతి. నేరుగా ముఖం మీదికీ వెళ్లకండి. పక్క నుంచి, అది చూస్తుండగా, మెల్లగా రండి. బెల్లం ముక్క, బిస్కెట్ పెట్టకండి, దాని మేత లెక్క వేరే ఉంటుంది. ముందు పైన కూర్చున్న మనిషిని అడగండి, సరేనంటే ముక్కు జోలికి పోకుండా మెడ మీద నిమరండి. పనిలో పనిగా మీ సందులో వెలగని దీపం సంగతి కూడా చెప్పిరండి.